సొట్ట పడని బిందెలు

కాకినాడ,
3 మే 2002.

చి. కమలకు అమ్మమ్మ ఆశీస్సులు.

రైలు నలభై నిమిషాలు ఆలస్యంగా చేరింది. మీ చిన్నమ్మమ్మ వెంకటలక్ష్మి స్టేషనుకు వచ్చి, నేను దిగీ దిగగానే సంచీ లాక్కుని, “అక్కా, చిక్కిపోయావే!” అంది. ముప్పై ఏళ్ళుగా ఎప్పుడు కలిసినా అదే మాట. అది నిజమైతే ఈపాటికి నేను మిగిలి ఉండకూడదు. కంటి ఆపరేషను పదిహేనో తారీఖున. ఇక్కడి డాక్టరు చిన్నవాడే కానీ మాట స్పష్టంగా ఉంది.

ఇంట్లో నువ్వు ఒక్కదానివే ఉంటావు కనుక రాస్తున్నాను. మేడ మీద ట్యాంకు నిండగానే మోటారు కట్టెయ్యి. పాల ప్యాకెట్టు తెచ్చిన వెంటనే కాచు. సాయంత్రం దాకా ఫ్రిజ్‌లో పెట్టి మరచిపోయే అలవాటు మీ అమ్మది, నీకు రాకూడదు.

ఇక రైలు కదులుతుంటే నువ్వు కిటికీ పట్టుకుని అడిగిన విషయం. అరిచి చెప్పే జవాబు కాదు కాబట్టి అప్పుడు చెప్పలేదు. ఒక ఆరోగ్య కార్యక్రమం తలపెట్టిన పని నిజంగా జరిగిందా లేదా అని పరిశీలించి రాయడం మీ త్రివేండ్రం కాలేజీలో ఒక పేపరనీ, దానికి నా బిందెల పనిని తీసుకుంటాననీ అన్నావు. తీసుకో. ముప్పై నాలుగేళ్ళు పిల్లల పేపర్లు దిద్దినదాన్ని, నా పేపరు దిద్దుతామంటే వెనకాడను.

నీకు తెలిసినవే అయినా, రిపోర్టులో తప్పు దొర్లకుండా మళ్ళీ రాస్తున్నాను. ఇంద్రేశం ఊళ్ళో బోరు నీళ్ళు రంగు మారి తాగడానికి పనికిరాకుండా పోయాక, వీధి కుళాయిలకు మంజీర నీళ్ళు వచ్చాయి. ఆ నీళ్ళు మంచివే. కానీ ఇంటికి తెచ్చి వెడల్పు మూతి కుండల్లో, బకెట్లలో పోసి, ఇంటిల్లిపాదీ చెయ్యి ముంచి తోడుకుంటుంటే పిల్లలకు విరేచనాలు ఎలా తగ్గుతాయి? అందుకని మన ప్లాంటు కాలనీ మహిళా మండలి తరపున, పైన మూత, అడుగున కుళాయి ఉన్న స్టీలు బిందెలు నూట నలభై ఇళ్ళకు ఇచ్చాం. నాలుగేళ్ళ క్రితం శ్రావణమాసంలో. అప్పటినుంచి నెలకో శనివారం యాదగిరి ఆటోలో వెళ్ళి చూసి వస్తున్నాను. ఇంతవరకు ఒక్క బిందె పోలేదు. ఒక్కదానికి సొట్ట పడలేదు. అంత శ్రద్ధగా వాడుకుంటున్నారు.

ఈ శ్రావణంలో పక్క ఊరికి కూడా మరో వంద ఇవ్వాలని మండలి తీర్మానించింది. నీ రిపోర్టు ఆషాఢంలో అందితే వాళ్ళకు చదివి వినిపిస్తాను.

పడుకునే ముందు గ్యాసు కట్టేశావో లేదో రెండోసారి చూసుకో.

అమ్మమ్మ


పటాన్‌చెరు,
12 మే 2002.

అమ్మమ్మకు,

మోటారు కట్టేశాను, పాలు కాచాను, గ్యాసు రెండుసార్లు చూశాను. ఇప్పుడు నా సంగతి చెప్పనిస్తావా?

ఈ పేపరంటే నాకు మొదటినుంచీ విసుగే. మా క్లాసులో ఒకడు మలేరియా మీద పనిచేస్తున్నాడు, ఇంకొకమ్మాయి టీకాల మీద. అవి పనులు. ఇదేమో ఎవరో చేసి వెళ్ళిన పని వెనకాల నడిచి టిక్కులు పెట్టడం. కొత్తగా ఎవరికీ మేలు జరగదు. నీ బిందెలైతే త్వరగా తేలిపోతుందని ఎంచుకున్నాను. కోప్పడకు.

నిన్న శనివారం యాదగిరన్న ఆటోలో ఇంద్రేశం వెళ్ళాను. ఊరి మలుపు దగ్గర హారను అదేపనిగా కొట్టాడు. “ఎందుకన్నా, రోడ్డు ఖాళీగానే ఉందిగా?” అన్నాను. “టీచరమ్మ బండి వచ్చిందని ఊరికి ఎర్క గావాలె గద చెల్లె!” అన్నాడు. నువ్వు లేకపోయినా నీ మర్యాదలన్నీ నాకే జరిగాయి.

ముప్పై ఇళ్ళు చూశాను. ప్రతి ఇంట్లోనూ బిందె స్టూలు మీద, వాకిట్లోంచే కనిపించేలా ఉంది. ఎంత తళతళలాడుతోందో! దేవమ్మ నన్ను చూడగానే, “టీచరమ్మ కండ్లు మంచిగైతయి బిడ్డా, నేను మొక్కిన” అంది. కోడలు రాధమ్మను నీళ్ళిమ్మంది. కుళాయి బిగుసుకుపోయినట్టుంది, రాధమ్మ కొంగు చుట్టి రెండుసార్లు తిప్పితే గానీ రాలేదు. రాధమ్మ కూతురు మల్లి లేదూ, మూడేళ్ళది, అది స్టూలు వెనక నక్కి, బిందెలో తన మొహం వంకరగా కనిపిస్తుంటే నవ్వుతూ కూర్చుంది.

ముప్పైకి ముప్పై. అంటే నూటికి నూరు. మా గైడ్ కామేశ్వరరావు గారికి ఫోన్ చేసి చెప్పాను. “అన్నీనా?” అని ఊరుకున్నారు. ఆయనకు మెచ్చుకోవడం రాదు.

నీ కంటికి ధైర్యం చెప్పు.

కమల


కాకినాడ,
21 మే 2002.

(చెప్పేది అక్క, రాసేది వెంకటలక్ష్మి.)

చి. కమలకు,

ఆపరేషను జరిగింది. కంటికి నల్లద్దాలు పెట్టారు. కొత్త కళ్ళద్దాలు ఇచ్చేదాకా చదవడం, రాయడం, వంగడం నిషేధం. ఏడవడం కూడా నిషేధమట. అది నాకు కష్టం కాదు.

(కాదా? నిన్న నీ ఉత్తరం చదివి వినిపిస్తే ఏం జరిగిందో నేను రాయనా? రాయొద్దంటోంది.)

నూటికి నూరు అన్నావు. లెక్కల్లో తప్ప మరే పేపరులోనూ నేను ఎవరికీ నూరు వెయ్యలేదు. అయినా సంతోషించాను. రిపోర్టులో మండలి పేరు ముందు రాయి, నా పేరు చివర చాలు.

(ఆ “ముప్పైకి ముప్పై” దగ్గర నన్ను మూడుసార్లు చదివించింది కమలా. మా పక్కింటావిడను పిలిచి మళ్ళీ చదివించింది. మా మనవరాలు పరీక్ష చేసి తేల్చింది అని చెప్పుకుంది. ఇది రాస్తున్నట్టు దానికి తెలీదు.)

దేవమ్మ మొక్కు సంగతి విన్నాను. ఆవిడకు నా కృతజ్ఞతలు చెప్పు. కుళాయి బిగుసుకుంటే ఒక బొట్టు కొబ్బరినూనె వెయ్యమను.

ఉత్తరం ముగిసింది. వెంకటలక్ష్మి ఇంకా ఏదో రాస్తున్నట్టు కలం చప్పుడు వినిపిస్తోంది.

అమ్మమ్మ


పటాన్‌చెరు,
29 మే 2002.

అమ్మమ్మకు, చిన్నమ్మమ్మకు,

ఎండలు మండిపోతున్నాయి. ఎదురింటి వీర్రాజు గారు వాళ్ళ ఊరినుంచి వచ్చిన మామిడిపళ్ళ బుట్టలోంచి సగం మనకు పంపించారు. సగం నేను తిన్నాను, మిగతా వాటితో తాండ్ర పోద్దామని మేడ మీద చాప పరిస్తే గాలిదుమ్ము వచ్చి పాడైంది. తులసికి రెండు పూటలా నీళ్ళు పోస్తున్నాను. నిన్న సాయంత్రం కంది ఊరి వైపు ఉరుములు వినిపించాయి కానీ చినుకు రాలలేదు.

ఇంద్రేశం మళ్ళీ వెళ్ళాను. అందరూ నిన్ను అడిగారు. నా పని ఇంకా కొంత మిగిలింది.

కంటి చుక్కలు వేళకు వేసుకో. చిన్నమ్మమ్మా, వేయించు.

కమల


కాకినాడ,
14 జూన్ 2002.

చి. కమలకు,

అక్షరాలు పెద్దవిగా ఉన్నాయని నవ్వకు. కొత్త కళ్ళద్దాలు నిన్ననే వచ్చాయి. మొదట చదివినది నీ పోయిన నెల ఉత్తరం. వెంకటలక్ష్మి చదివి వినిపించినప్పుడే ఏదో తేడా అనిపించింది. స్వయంగా చదివాక తెలిసింది.

మామిడిపళ్ళ గురించి అంత రాశావు. బిందెల గురించి ఒక్క మాట లేదు. చిన్నప్పుడు పలక పగలగొట్టిన రోజు కూడా నువ్వు ఇలాగే, పక్కింటి పిల్లి పిల్లల్ని పెట్టిందని అరగంట చెప్పావు.

ఇక నుంచి నీ ఉత్తరాలు నేనే విప్పుతాను, నేనే చదువుతాను. జరిగినది జరిగినట్టు రాయి.

అమ్మమ్మ


పటాన్‌చెరు,
20 జూన్ 2002.

అమ్మమ్మా,

రాస్తున్నాను. చిన్నమ్మమ్మ గొంతులో నువ్వు ఇది వినకూడదనే ఇన్నాళ్ళూ ఆగాను.

ఆ శనివారం నా గొడుగు దేవమ్మ ఇంట్లో మరచిపోయాను. దానికోసం మరో మంగళవారం ఒక్కదాన్నే వెళ్ళాను. యాదగిరన్న ఆటో షెడ్డులో ఉంటే బస్సు దిగి నడిచాను. మధ్యాహ్నం. రాధమ్మ గడపలో కూర్చుని బియ్యం ఏరుతోంది. మల్లి మట్టి చేతులతో ప్లాస్టిక్ బకెట్లో గ్లాసు ముంచి, మోచేతి దాకా తడుపుకుని నీళ్ళు తాగుతోంది. స్టూలు ఉంది. స్టూలు మీద బిందె లేదు.

“బిందె ఏది వదినా?” అన్నాను. రాధమ్మ నాలుక కరుచుకుంది. “అత్తా! చిన్న టీచరమ్మ వచ్చింది!” అని లోపలికి కేకేసింది.

దేవమ్మ వచ్చి నన్ను కూర్చోబెట్టింది. “ఏడికి పోతది బిడ్డా, దేవుని అర్రల ఉన్నది” అంది.

“మరి నీళ్ళు?”

“నీళ్ళు గీ బకెట్లకెళ్ళే తాగుతం.”

“నేను వచ్చిన రోజు ఆ బిందెలోంచే ఇచ్చారు కదా!”

“గా దినం హారను ఇనబడ్డది. దించినం, కడిగినం, నింపినం.” తప్పు దాచుకునే మనిషిలా చెప్పలేదు అమ్మమ్మా. అతిథికి చాప పరిచామన్నంత మామూలుగా చెప్పింది.

నేను దేవుడి గదిలోకి తొంగి చూశాను. పటాల పక్కన పీట మీద నీ బిందె. మెడకు పసుపు, మూడు కుంకుమ బొట్లు, పైన మందారం.

“నీళ్ళు పోసుకునే బిందెను ఇక్కడ పెట్టారేంటి దేవమ్మా?” అన్నాను. అప్పుడు కోప్పడింది. “ఏం మాటంటవ్ బిడ్డా! శ్రావణ శుక్రారం నాడు టీచరమ్మ నా కాళ్లకు పసుపు రాసి, బొట్టు పెట్టి, ఒడిల పెట్టిన బిందె అది. మా అమ్మ సుత నాకు గట్ల పెట్టలె. ఇంట్ల నీసు వండుతం. మా ఆయన కల్లు దాగొచ్చి గవే చేతులతోటి అంటుకుంటడు. కోడలికి నెల నెలా ముట్టుంటది. లచ్చిందేవిని తీస్కపోయి అందరు అంటుకునే కాడ పెడ్తరా ఎవరన్న?”

“మరి అమ్మమ్మ వచ్చినప్పుడు ఎందుకు దించుతారు?”

“ఆమె పెట్టింది ఆమె సూడొద్దా? మా ఇంటికొస్తే ఆమెకు బకెట్ల నీళ్ళు పోస్తమా?”

అక్కణ్ణుంచి నేను ముందు చూసిన ముప్పై ఇళ్ళకూ మళ్ళీ వెళ్ళాను, రెండు మూడు రోజుల్లో, హారను లేకుండా. నాలుగు ఇళ్ళలో బిందె వాడుతున్నారు. కొన్నిచోట్ల దేవుడి దగ్గర ఉంది, కొన్నిచోట్ల పాత చీరలో చుట్టి అటక మీద. ఒకావిడ దాన్ని నాకు చూపించడానికి చేతులు కడుక్కుని వచ్చింది.

ఎవరూ మనల్ని మోసం చెయ్యలేదు. “బిందె ఉందా?” అని అడిగాను, ఉందన్నారు, చూపించారు. “మీ పిల్ల పొద్దున్న దేంట్లోంచి నీళ్ళు తాగింది?” అని నేను అడగనే లేదు. నూటికి నూరు వేసింది నేను, ఆ మార్కులకు విలువ లేదు. కామేశ్వరరావు గారు “అన్నీనా?” అన్నది మెచ్చుకోవడం రాక కాదు.

నువ్వు మొదటి ఉత్తరంలో రాసిన మాట కూడా అప్పుడే గుర్తొచ్చింది. ఇంటికి వచ్చి మన వంటింట్లో బిందె చూశాను. నువ్వు ఎంత జాగ్రత్త మనిషివి! అయినా దానికి మూడు సొట్టలున్నాయి. రోజూ ఎత్తి దించే బిందె నాలుగేళ్ళలో ఒక్క సొట్టా లేకుండా ఎలా ఉంటుంది?

మల్లికి ఈ వేసవిలో విరేచనాలు పట్టుకోవడం ఇది మూడోసారట. ఉప్పు, పంచదార కలిపిన నీళ్ళు ఎలా పట్టాలో రాధమ్మకు చూపించి వచ్చాను.

ఇది నీకు ఎలా చెప్పాలో ఎన్ని రకాలుగా ఆలోచించానో. తెలియలేదు. అందుకే మామిడిపళ్ళు.

కమల


కాకినాడ,
26 జూన్ 2002.

కమలకు,

ఉత్తరం అందింది.

నాలుగేళ్ళు నెలనెలా వెళ్ళాను. ఆ బిందెల్లోంచి నీళ్ళు నా కళ్ళ ముందు పట్టారు, నేను తాగాను. నువ్వు నాలుగు రోజులు తిరిగి వచ్చి లేదంటున్నావు. కంట్లో పొర ఉంటే సూది కనబడకపోవచ్చు. బిందె కనబడుతుంది.

రిపోర్టు నీది, నీ ఇష్టం. పక్క ఊరి సంగతి మండలిది. నేను మాట ఇచ్చాను. శ్రావణం పనులు ఆగవు.

నాగరత్నం


సంగారెడ్డి,
3 జులై 2002.

అమ్మమ్మా,

నువ్వు పేరుతో సంతకం పెట్టిన ఉత్తరం నాకు ఇదే మొదటిది. దాన్ని సంచీలో పెట్టుకుని తిరుగుతున్నాను. ఇప్పుడు సంగారెడ్డి పెద్దాసుపత్రి వరండాలో కూర్చుని ఇది రాస్తున్నాను.

మల్లికి మళ్ళీ వచ్చింది, ఈసారి వాంతులతో. నిన్న పొద్దున యాదగిరన్న వచ్చి చెబితే వెళ్ళాను. కళ్ళు లోతుకు పోయి, ఏడుస్తుంటే కన్నీళ్ళు రావడం లేదు. ఆటోలో ఇక్కడికి తెచ్చాం. సెలైను ఎక్కిస్తున్నారు. రాధమ్మ నిన్నటినుంచి మంచం దగ్గర నిలబడే ఉంది, కూర్చోమంటే వినదు. గంట క్రితం పిల్ల మూత్రం పోసింది. నర్సమ్మ “గండం గడిచింది తియ్” అంది. రాధమ్మ అప్పుడు కూర్చుని ఏడ్చింది.

ఇది ఆ బకెట్ నీళ్ళ వల్లే అని నేను కచ్చితంగా చెప్పలేను. కాదనీ చెప్పలేను. చదువుకున్నదాన్ని కాబట్టి ఆ రెండూ రాస్తున్నాను.

కానీ ఒకటి చూశాను, అది నీకు చెప్పకుండా ఉండలేను. మేం పిల్లను ఎత్తుకుని బయల్దేరుతుంటే దేవమ్మ దేవుడి గదిలోకి పరుగెత్తింది. పసుపు గుడ్డలో ముడుపు కట్టి నీ బిందె మెడకు ముడివేసింది. “టీచరమ్మ ఇచ్చిన తల్లీ, నా మనవరాలిని కాపాడు” అని దాని ముందు తల వాల్చింది. బిందె ఖాళీగా ఉంది అమ్మమ్మా. పక్కనే బకెట్లో నీళ్ళున్నాయి.

నువ్వు ఇచ్చినది వాళ్ళు ఎంత గౌరవంగా చూసుకున్నారో నేను అంతకంటే బాగా చెప్పలేను. నేను ఉన్నది ఉన్నట్టే రిపోర్టు రాస్తాను. నీకు కోపం వస్తే భరిస్తాను. పక్క ఊళ్ళో మరో వంద బిందెలు దేవుడి గదుల్లోకి వెళ్ళేముందు ఒక్కసారి ఆలోచించు. అంతే అడుగుతున్నాను.

కమల


కాకినాడ,
9 జులై 2002.

చి. కమలకు,

ముందు మల్లి ఎలా ఉందో రాయి. కార్డు ముక్క చాలు, వెంటనే పోస్టు చెయ్యి.

నీ ఉత్తరం చదివాక రెండు పూటలు వెంకటలక్ష్మితో కూడా మాట్లాడలేదు. అది భయపడి డాక్టరును పిలుస్తానంది. కంటికి ఏమీ కాలేదని చెప్పాను.

మా బడికి ఇన్‌స్పెక్టరు వచ్చే రోజు ఎలా ఉండేదో నీకు ఎప్పుడూ చెప్పలేదు. ముందు రోజే కబురు వచ్చేది. బీరువాలో దాచిన పటాలు గోడలకెక్కేవి. పిల్లలు తలలకు నూనె రాసుకుని వచ్చేవాళ్ళు. జవాబు రాని పిల్లవాణ్ణి వెనక బెంచీలో కూర్చోబెట్టేవాళ్ళం. ఇన్‌స్పెక్టరు గారు సంతోషించి, బాగుందని రాసి వెళ్ళేవారు. మేమూ నవ్వుకునేవాళ్ళం, ఈయనకు ఏం తెలుసునని. ఇంద్రేశానికి నాలుగేళ్ళుగా నేను ఇన్‌స్పెక్టరునే అయ్యాను. హారను మోగించుకుంటూ వెళ్ళాను. పాఠం చెప్పానని హాజరుపట్టీ చూసి సంతోషించాను గానీ, పిల్లలకు వచ్చిందా అని పరీక్ష పెట్టలేదు. నువ్వు పెట్టావు. నీకు విసుగనిపించిన ఆ పేపరు ఎందుకుందో నాకు ఇప్పుడు తెలుస్తోంది. నీకు కూడా తెలిసే ఉంటుంది.

పసుపు కుంకుమల మాట. అది తప్పని నేను ఇప్పటికీ అనలేను. మొదటిసారి బిందెలు పంచాయతీ ఆఫీసు ముందు బల్ల మీద పెట్టి, వచ్చి తీసుకోమన్నాం. ఎవరూ రాలేదు. దేవమ్మ నా మొహం మీదే అడిగింది, “మేం అడుక్కునేటోళ్ళ లెక్క కనబడ్డమా టీచరమ్మా?” అని. నాకు సిగ్గు వేసింది. మన ఇంట్లో ముత్తైదువకు ఏదైనా ఇస్తే ఎలా ఇస్తామో అలాగే ఇవ్వాలనుకున్నాను. శ్రావణం వరకు ఆగి, వాయనంగా ఇచ్చాం. అందరూ తలెత్తుకుని పుచ్చుకున్నారు. వాళ్ళను గౌరవించాలని నేను చేసిన పనిని వాళ్ళు నన్ను గౌరవించి దేవుడి గదిలో పెట్టుకున్నారు. మధ్యలో దాహం వేసింది మల్లికి.

నిన్న ఇక్కడ వెంకటలక్ష్మి తన పూజ బీరువా సర్దుతూ వరలక్ష్మి కలశం చెంబు తీసింది. అదే చెంబుతో ఏడాది పొడుగునా మజ్జిగ తాగుతారు ఈ ఇంట్లో. ఎలా తాగుతున్నారు? వ్రతం మర్నాడు కలశాన్ని కదిపి, ఉద్వాసన చెబుతాం. అమ్మవారిని సాగనంపాక అది మళ్ళీ వంటింటి చెంబే. నేను బిందెలు ఇచ్చాను గానీ ఉద్వాసన చెప్పలేదు. నాలుగేళ్ళుగా అమ్మవారిని నూట నలభై ఇళ్ళలో నిలబెట్టి వచ్చేశాను. ఆవిడను సాగనంపవలసింది నేనే. వాళ్ళంతట వాళ్ళు చెయ్యరు.

పక్క ఊరి బిందెలు ప్రస్తుతానికి ఆపమని మండలికి ఉత్తరం రాశాను. ఇరవై మూడున బయల్దేరుతున్నాను.

రిపోర్టులో నా పేరు తీసెయ్యాలని నీకు అనిపించవచ్చు. తియ్యకు. పేరు రాయని పేపరు ఎవరూ దిద్దరు.

నీ అమ్మమ్మ


పటాన్‌చెరు,
18 ఆగస్టు 2002.

చి. కమలకు,

నువ్వు త్రివేండ్రం వెళ్ళాక ఇల్లు బోసిగా ఉంది. మోటారు ఎవరు కట్టేశారో అడగడానికి మనిషి లేదు.

మొన్న శుక్రవారం వ్రతం అయింది. నిన్న పొద్దున్నే మండలి వాళ్ళం ఆరుగురం ఇంద్రేశం వెళ్ళాం. యాదగిరి అలవాటు కొద్దీ హారను మీద చెయ్యి వేసి, నా వైపు చూసి తీసేశాడు. “చెయ్యి గుంజుతున్నది టీచరమ్మా” అన్నాడు.

మొదట దేవమ్మ ఇంటికే వెళ్ళాను. విషయం చెప్పగానే ఆవిడ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. “ఇచ్చిన లచ్చిమిని మళ్ళ తీస్కపోతవా టీచరమ్మా? మాతోటి ఏం తప్పైంది?” అంది.

“తీసుకుపోవడానికి రాలేదు దేవమ్మా. నువ్వు చేసిన పూజ పూర్తయిందని చెప్పడానికి వచ్చాను. కలశం కదపకుండా ఎన్నాళ్ళు ఉంచుతావు?”

“నువ్వు జెప్పలేదు గద, కదపమని!”

“అవును. చెప్పలేదు. అది నా లోపం.”

నేను లోపమని ఒప్పుకోవడం ఆవిడ చూడడం అదే మొదలనుకుంటాను. పక్కకు జరిగింది. నేను లోపలికి వెళ్ళి, ముడుపు విప్పి ఆవిడ చేతిలో పెట్టి, బిందెను ఉత్తర దిక్కుగా ఇంచెడు జరిపి ఉద్వాసన చెప్పాను. తరవాత ఇద్దరం చెరో పక్కా పట్టుకుని తెచ్చి స్టూలు మీద పెట్టాం. మల్లి వచ్చి కుళాయి పట్టుకుంటే దేవమ్మ చెయ్యి అలవాటుగా లేచింది. నేను పట్టుకుని ఆపాను.

సాయంత్రానికి నాకు నడుము పట్టేసింది. నూట నలభై ఇళ్ళూ పూర్తి చేశాం. కొందరు ఏడ్చారు. ఒకావిడ మాత్రం, “కదిపితే కదుపుండ్రి, నేనైతే నీసు చేతుల అంటనియ్య” అంది. చూద్దాం.

అమ్మమ్మ


త్రివేండ్రం,
11 నవంబరు 2002.

అమ్మమ్మకు,

రిపోర్టు ఇచ్చాను. రెండు పట్టికలూ పక్కపక్కన పెట్టాను, హారనుతో చూసినదీ, హారను లేకుండా చూసినదీ. కామేశ్వరరావు గారు చదివి, “మొదటి పట్టికను చింపెయ్యకుండా ఉంచావే, అది బాగుంది” అన్నారు. మెచ్చుకోవడం వచ్చు ఆయనకు. తరవాత, “మీ అమ్మమ్మగారు ఇప్పుడు మాట్లాడుతున్నారా నీతో?” అని అడిగారు. ఇంటి మోటారు గురించి కూడా మాట్లాడుతోందని చెప్పాను.

ఒకరి పని వెనక నడిచి టిక్కులు పెట్టడమని రాశాను చూడు మేలో, ఆ ఉత్తరం నీ దగ్గర ఉంటే చింపెయ్యి. వద్దులే, ఉంచు.

మూడో పట్టిక ఇంకా ఖాళీగా ఉంది. ఉద్వాసన చెప్పి మూడు నెలలు కావస్తోంది. పని జరిగిందో లేదో మనకు తెలియదు. నేను వేసవి దాకా రాలేను. నువ్వు వెళ్ళి చూస్తావా, అదే ముప్పై ఇళ్ళు? బస్సులో. ఏదో ఒక వారం మధ్యలో. ఏం అడగాలో నీకు చెప్పనక్కర్లేదు.

ఫలితం ఎలా ఉన్నా అలాగే రాయి.

కమల


పటాన్‌చెరు,
5 డిసెంబరు 2002.

చి. కమలకు అమ్మమ్మ ఆశీస్సులు.

వెళ్ళి వచ్చాను. బస్సులో, బుధవారం. ముప్పై ఇళ్ళలో పందొమ్మిది ఇళ్ళవాళ్ళు బిందెలోంచి తాగుతున్నారు. మిగతా పదకొండూ మళ్ళీ దేవుడి దగ్గరికో అటక మీదికో చేరాయి. నీసు చేతులావిడ బిందెకు కొత్త పసుపు కూడా రాసింది. ఆవిడతో ఇంకొంచెం మాట్లాడాలి. పక్క ఊరి సంగతి వచ్చే శ్రావణానికి చూద్దామని మండలితో చెప్పాను. ఈసారి ఇచ్చిన రోజే, అక్కడే ఉద్వాసన కూడా చెప్పి, అందరం ఆ నీళ్ళు తాగి వస్తాం.

దేవమ్మ ఇల్లు చివరికి ఉంచుకున్నాను. గుమ్మంలోకి వెళ్ళేసరికి రాధమ్మ పొయ్యి దగ్గర ఉంది. “అయ్యో టీచరమ్మా, చప్పుడు చెయ్యకుంట వస్తిరి! ఇల్లంత గిట్లున్నది!” అని లేవబోయింది. పని చూసుకోమన్నాను. బిందె స్టూలు మీదే ఉంది. తళతళ లేదు. పసుపు పోయింది. మూత మీద ఎవరో నిమ్మకాయ ముక్క పెట్టి మరచిపోయారు. మల్లి గ్లాసు పట్టుకుని వచ్చి, నన్ను పలకరించకుండా కుళాయి తిప్పి, గుటగుటా తాగి, కుళాయి సరిగ్గా కట్టకుండా పోయింది. చుక్కలు నేల మీద పడుతున్నాయి. “ఓసి పిల్లా, నల్లా కట్టెయ్యవే! నీళ్ళన్నీ పాయె!” అని దేవమ్మ పెరట్లోంచి అరిచింది. నేను వచ్చినట్టు ఆవిడకు ఇంకా తెలియదు.

నాకు ఎవరూ నీళ్ళు ఇవ్వలేదు. నేనే గ్లాసు కడుక్కుని పట్టుకుని తాగాను. చల్లగా ఉన్నాయి.

అప్పుడు చూశాను, బిందె పక్కభాగంలో అరచేతి వెడల్పున లోపలికి నొక్కుకుపోయింది. రాధమ్మ తలదించుకుంది. “స్టూలు గుంజుతుంటే పడ్డది టీచరమ్మా. మల్లి పని. మీకు సూపెట్టొద్దని గోడ దిక్కు తిప్పి పెట్టిన” అంది. నేను దాన్ని ముందుకు తిప్పి పెట్టి వచ్చాను.

నీ మూడో పట్టికలో సొట్టలకు ఒక గడి పెట్టు. ఇంద్రేశం, దేవమ్మ ఇల్లు, ఒకటి. పెద్దది.

అమ్మమ్మ